నల్గొండ నీళ్ళు, మేయో మాత్రలు

ఎవరికైనా ఎముక విరిగిందని తెలియగానే మనం అడిగే మొదటి ప్రశ్న "అయ్యో, ఎలా పడ్డారు?" అని. బండి మీంచి పడ్డాననో, బాత్రూంలో జారాననో ఏదో ఒక జవాబు వస్తుంది. కానీ కొంతమంది ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేరు. పక్క మీద ఇటునుంచి అటు తిరిగితే తొడ ఎముక విరిగింది. గట్టిగా దగ్గితే పక్కటెముక పోయింది. నీళ్ళ బకెట్ ఎత్తబోతే వెన్నుపూస అణిగిపోయింది. వీళ్ళు పడటం వల్ల విరగలేదు, విరగడం వల్ల పడ్డారు. డాక్టర్లు పెథలాజికల్ ఫ్రాక్చర్ అనేది ఇలాంటివాటినే. క్యాన్సర్ పాకిన ఎముక కావచ్చు, పుట్టుకతోనే పెళుసుగా ఉన్న ఎముక కావచ్చు, ముసలితనంలో గుల్లబారిన ఎముక కావచ్చు (ఈ చివరిదానికి కొందరు వేరే పేరు పెడతారు, మనకి ఆ తేడా అనవసరం). లోపల ఎప్పట్నించో పాడైపోతూ ఉంది, విరగడమనేది ఆఖరి ఘట్టం, అంతే.

ఇలాంటి ఎముకల్ని నిలబెట్టడానికి డాక్టర్లు పడ్డ పాట్లకి పెద్ద చరిత్రే ఉంది. అందులో ఒక అధ్యాయానికి మన పొదిలి, దర్శి, నల్గొండలతో సంబంధం ఉంది. నన్ను ఇదంతా చదివించింది ఆ అధ్యాయమే. నేను డాక్టర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కాబట్టి ఇది చదివి ఇంట్లో పెద్దవాళ్ళ మందులు మార్చే పని పెట్టుకోకండి.

ముందు మామూలు ఎముక సంగతి. పుత్తూరు కట్టు గురించి వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ. అక్కడ డచ్చి సైన్యంలో మతైసెన్ అనే డాక్టరు 1850ల మొదట్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి అద్దిన గుడ్డని తడిపి చుట్టడం మొదలుపెట్టాడు, మనం పిండికట్టు అంటామే, అది. పుత్తూరు కట్టుకీ పిండికట్టుకీ పైకి పోలిక లేకపోయినా లోపలి లాజిక్ ఒక్కటే. కట్టు ఎముకని అతికించదు. రెండు ముక్కల్నీ కదలకుండా ఒకచోట పట్టుకుని ఉంటుంది. అతుక్కునే పని ఎముకే చేసుకుంటుంది. అంటే కట్టు కట్టేవాడు, వాడు పుత్తూరులో ఉన్నా ప్యారిస్ లో ఉన్నా, ఎముక తన పని తాను చేస్తుందని నమ్మి కడుతున్నాడు.

మరి ఆ పని చెయ్యలేని ఎముకకి కట్టు కడితే ఏమవుతుంది? తొడ ఎముకలోకి క్యాన్సర్ పాకి అది విరిగిందనుకోండి. పాతరోజుల్లో కాలికి బరువులు వేలాడదీసి మంచం మీద పడుకోబెట్టేవారు. నెలలు గడిచినా అతుక్కోదు. ఈలోగా వీపు మీద పుళ్ళు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. చాలామంది ఆ ఎముక వల్ల కాదు, ఆ మంచం వల్ల పోయేవారు.

ఇక్కడ మొదటి పెద్ద మలుపు జర్మనీలోని కీల్ నుంచి వచ్చింది. గెర్హార్డ్ క్యూంచర్ అనే సర్జన్ 1939లో తొడ ఎముక మధ్యలో ఉండే బోలులోకి పైనుంచి కిందకి పొడవాటి ఉక్కు కడ్డీ దింపాడు. 1940లో బెర్లిన్ సర్జన్ల సభలో చెబితే పెద్దలు చాలామంది మొహం చిట్లించారు, మూలుగంతా పాడుచేస్తావా అని. యుద్ధం ముగిసే రోజుల్లో జర్మన్ల చెరలోంచి తిరిగొచ్చిన సైనికుల తొడల్లో ఈ కడ్డీలు చూసి అమెరికన్ డాక్టర్లు తెల్లబోయారు. 1945లో టైమ్ పత్రిక కూడా దీని గురించి రాసింది. మనవాళ్ళు "కాల్లో రాడ్డు వేశారు" అంటారే, ఆ రాడ్డుకి మూలపురుషుడు ఈయనే. రాడ్డు గొప్పతనమేంటంటే, ఎముక పూర్తిగా అతుక్కోకముందే బరువులో కొంత అది మోస్తుంది. మనిషి మంచం దిగొచ్చు.

కానీ రాడ్డైనా స్క్రూ అయినా పట్టుకోవడానికి చుట్టూ ఏదో ఒకటి గట్టిగా ఉండాలి కదా. నానిపోయిన మట్టిగోడకి మేకు కొట్టినట్టు, కొడుతున్నప్పుడు బాగానే దిగుతుంది, చొక్కా తగిలించగానే ఊడొస్తుంది. క్యాన్సర్ తినేసిన ఎముకలో స్క్రూ పరిస్థితి అదే. దీనికి విరుగుడు పళ్ళ డాక్టర్ల దగ్గర దొరికింది. కట్టుడు పళ్ళ చిగుళ్ళు తయారుచేసే అక్రిలిక్ పదార్థాన్ని జాన్ చార్న్‌లీ ఇంగ్లండులో 1950ల చివర కృత్రిమ తుంటికీళ్ళని ఎముకలో బిగించడానికి వాడాడు. పొడి, ద్రవం కలిపితే ముద్దవుతుంది, కొద్ది నిమిషాల్లో రాయిలా గట్టిపడుతుంది. 1972లో అమెరికాలో కెవిన్ హారింగ్టన్ బృందం దాన్నే క్యాన్సర్ ఎముకలకి వాడిన అనుభవాన్ని ప్రచురించింది. కణితిని గోకి తీసెయ్యడం, ఆ గుంతలో ఈ ముద్ద నింపడం, దాంట్లోంచి స్క్రూలూ రాడ్డూ పోనివ్వడం. ఇప్పుడు మేకు పట్టుకున్నది గోడని కాదు, సిమెంటుని.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది టెక్నిక్ కన్నా దాని వెనకాల మారిన ఉద్దేశం. "ఎముక అతుక్కుంటుందా?" అన్న ప్రశ్ననే పక్కన పెట్టేశారు. ఈ మనిషికి ఇంకా ఆరునెలలో ఏడాదో ఉంది, ఆ ఏడాది తన కాళ్ళ మీద తాను బాత్రూంకి వెళ్ళగలడా అని అడిగారు. 1989లో మిరెల్స్ అనే ఆయన ఇంకో అడుగు ముందుకేసి, విరగకముందే రాడ్డు వేసెయ్యాలా వద్దా అని తేల్చడానికి నాలుగే అంశాలతో 12 మార్కుల పట్టిక ఇచ్చాడు. కణితి ఏ ఎముకలో ఉంది, ఎంత మేర తినేసింది, ఎక్స్-రేలో ఎలా కనిపిస్తోంది, నొప్పి ఎలా ఉంది. 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆగొద్దన్నాడు. ఎక్స్-రేతో సమానంగా మనిషి చెప్పే నొప్పికీ మార్కులు వేసిన పట్టిక అది.

సిమెంటు కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1984లో ఫ్రాన్స్ లోని అమియాఁలో గాలిబేర్, దెరామోఁ అనే డాక్టర్లు ఒకావిడ మెడ వెన్నుపూసలోకి సూది గుండా ఇదే సిమెంటు ఎక్కించారు. ఆవిడకి నొప్పి తగ్గింది. తర్వాత ఇదే పద్ధతి గుల్లబారి అణిగిపోయిన వెన్నుపూసలకి వచ్చింది, అమెరికాలో ఊపందుకుంది. ఎక్స్-రేలో చూస్తే నల్లగా వెలవెలబోయిన పూస, సూది తీశాక తెల్లగా మెరుస్తూ ఉంటుంది. చూసినవాడికి కడుపు నిండిపోతుంది. 2009లో ఒకే సంచికలో రెండు పరీక్షల ఫలితాలు వచ్చాయి, ఒకటి ఆస్ట్రేలియాలో 78 మంది మీద, ఇంకోటి అమెరికా తదితర దేశాల్లో 131 మంది మీద. సగంమందికి నిజంగా సిమెంటు ఎక్కించారు, మిగతావాళ్ళకి మత్తుసూది వేసి, ఎక్కించినట్టు తతంగమంతా నడిపించారు. నొప్పి రెండు గుంపుల్లోనూ ఒకేలా తగ్గింది! సిమెంటు వల్ల అదనంగా ఒరిగింది కనిపించలేదు. ఎవరికి పనిచేస్తుంది, ఎప్పుడు ఎక్కించాలి అని తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి, అవి ఇక్కడ వద్దు. ఆ తెల్లగా మెరిసే ఎక్స్-రేని మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంతకీ విరిగాక రాడ్లూ సిమెంట్లూ ఎందుకు, ఎముకనే లోపల్నించి గట్టిపరిస్తే పోదా? బోస్టన్ లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఎముకలు గుల్లబారడం గురించి రాశాడు. ఆయన చూసిన 42 మందిలో 40 మంది ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళే. కారణం తెలిసింది గానీ, పోయిన ఎముకని వెనక్కి తెచ్చే మందు లేదు. అలాంటి మందు ఏదైనా ఉందా అని వెతుకుతున్నవాళ్ళ కళ్ళు ఒక విషం మీద పడ్డాయి.

1930ల్లో కోపెన్‌హేగెన్ లో క్రయొలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే ఫ్యాక్టరీ ఉండేది. క్రయొలైట్ నిండా ఫ్లోరిన్. అక్కడి కూలీల ఎక్స్-రేలు తీస్తే ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా కనపడ్డాయి. 1937లో కై రోహోల్మ్ ఈ విషయం మీద పెద్ద పుస్తకమే రాశాడు. సరిగ్గా అదే ఏడాది, ఏ ఫ్యాక్టరీ పొగా ఎరగని మన పల్లెల్లో అదే జబ్బు బయటపడింది. మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో (పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే, 1970లో ప్రకాశంలో కలిశాయి) నడుము కొయ్యబారిపోయి, మెడ తిప్పలేక, మోకాళ్ళు చాపలేక బతుకుతున్న రైతుల్ని షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ పరీక్షించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ లో రాశారు. ఈ బర్నార్డ్ మద్రాసులో ఎక్స్-రే విద్యకి ఆద్యుడు, అక్కడి రేడియాలజీ సంస్థకి ఆయన పేరే ఉంది. తాగే బావినీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల జనానికి ఇలా అవుతోందని మన దేశంలో ముందు బయటపడింది ఇక్కడే. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లా గురించి ఇదే సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో రాశాడు. గార పళ్ళు, వంగిపోయిన నడుములు, వంకర కాళ్ళు. నల్గొండ పేరు చెబితే మనకి గుర్తొచ్చే ఫొటోలు ఇవే.

ఎక్స్-రేలో మాత్రం వీళ్ళ వెన్నుపూసలు తెల్లగా, దట్టంగా, నిండుగా ఉంటాయి. అక్కడ అమెరికాలో ముసలావిడ ఎక్స్-రేలో వెన్నుపూస నల్లగా, పల్చగా, ఖాళీగా. ఈ రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూసిన ఏ తెలివైనవాడికైనా వచ్చే ఆలోచనే వాళ్ళకీ వచ్చింది. దీన్ని కాస్త తీసి దాన్లో వేస్తే?

1961లో రిచ్, ఎన్సింక్ అనే ఇద్దరు సోడియం ఫ్లోరైడ్ ని మనుషులకి ఇచ్చి చూసిన ఫలితాలు నేచర్ లో వచ్చాయి. తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు ఈ మందు వాడకం పాకుతూనే పోయింది. అమెరికాలో ప్రభుత్వం దీనికి అనుమతి ఇవ్వలేదు గానీ యూరప్ లో కొన్ని దేశాలు ఇచ్చాయి. 1982లో మేయో క్లినిక్ కి చెందిన లారెన్స్ రిగ్స్ బృందం, ఫ్లోరైడ్, కాల్షియం కలిపి తీసుకున్నవాళ్ళలో వెన్నుపూసలు విరగడం తగ్గిందని రాసింది. అయితే అందులో ఎవరికి ఏ మందు అన్నది చీటీ తీసి నిర్ణయించలేదు. సరైన పరీక్ష చేద్దామని అదే రిగ్స్ నడుం కట్టాడు.

ఈలోగా మన హైదరాబాదులో ఒక సంగతి జరిగింది. తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసే కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్గొండ ఊళ్ళలో మోకాళ్ళు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగిలే కుర్రాళ్ళని పరీక్షించి 1973లో లాన్సెట్ లో రాశారు. వాళ్ళు చూసింది వింత. ఒకే మనిషిలో వెన్నెముక రాయిలా దట్టంగా ఉంది, కాళ్ళూ చేతుల ఎముకలేమో గుల్లబారి ఉన్నాయి. ఆ వ్యాసం శీర్షికలోనే ఆస్టియోపోరోసిస్ అన్న మాట ఉంది. అంటే ఏ జబ్బుకి ఫ్లోరైడ్ ని మందుగా ఇస్తున్నారో, ఆ జబ్బు ఫ్లోరైడ్ తాగే ఊళ్ళోనే ఉందని రాశారన్నమాట. అదీ మారుమూల పత్రికలో కాదు, లాన్సెట్ లో.

ఇప్పుడు రిగ్స్ పరీక్షకి వద్దాం. 202 మంది ఆడవాళ్ళు, అందరూ ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు విరిగినవాళ్ళే. నాలుగేళ్ళు. అందరికీ రోజుకి 1500 మిల్లీగ్రాముల కాల్షియం. సగంమందికి దాంతోపాటు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. ఫలితాలు 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ లో వచ్చాయి. ఫ్లోరైడ్ వాళ్ళ నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. ముప్ఫై ఐదు! ఎముకల మందుల్లో అప్పటికి అది కనీవినీ ఎరగని అంకె. తుంటి దగ్గర 12 శాతం పెరిగింది. ముంజేయి ఎముకలో మాత్రం 4 శాతం తగ్గింది.

మరి విరగడం? కొత్తగా విరిగిన వెన్నుపూసలు ఫ్లోరైడ్ గుంపులో 163, ఉత్తుత్తి మాత్ర గుంపులో 136. లెక్కల ప్రకారం ఇది తేడా కిందకి రాదు, అంటే ఉపయోగం సున్నా. వెన్నుపూసలు కాక మిగతా ఎముకల్లో విరుగుళ్ళు 72, అటువైపు 24. మూడింతలు. వీటిలో కొన్ని పూర్తిగా విరగని సన్నటి పగుళ్ళు. మాత్రలు మింగినవాళ్ళు కాళ్ళ నొప్పులని కూడా మొరపెట్టుకున్నారు. వెన్నెముక దట్టం, చేతి ఎముక పల్చన. 1973లో నల్గొండ కుర్రాళ్ళ ఎక్స్-రేల్లో కనపడ్డ బొమ్మే ఇది.

నేను ఒక చిన్న లెక్క వేసుకున్నాను. 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ లో అసలు ఫ్లోరైడ్ 34 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీళ్ళకి పెట్టిన హద్దు లీటరుకి 1.5. లీటరుకి 5 ఉన్న చెడ్డ బావి నీళ్ళు ఎండలో పనిచేసే రైతు రోజుకి నాలుగు లీటర్లు తాగాడనుకుంటే 20 అవుతుంది. అంటే ఆ మాత్ర అలాంటి బావి కన్నా పెద్దది. కాల్షియంతో కలిపి ఇచ్చారు కనక ఒంటికి పట్టేది కాస్త తగ్గుతుంది, రైతు తాగేది జీవితాంతం, వీళ్ళు మింగింది నాలుగేళ్ళు, ఇవన్నీ ఒప్పుకుంటాను. నల్గొండ పిల్లలకి తిండిలో కాల్షియం తక్కువ కాబట్టి వాళ్ళకి అలా అయింది, మేము కాల్షియం ఇస్తాం కాబట్టి మాకు కాదు అని అమెరికా డాక్టర్లు అనుకుని ఉంటే అది మరీ తెలివితక్కువ వాదనేమీ కాదు. కానీ వాళ్ళు ఈ వాదన చేసుకుని నల్గొండని పక్కన పెట్టారా, లేక నల్గొండ కథ పేదదేశం నీళ్ళ సమస్య కాబట్టి అసలు ఎముకల మందుల పుస్తకంలోకే రాలేదా అన్నది నా అనుమానం. నాకైతే రెండోదే అనిపిస్తోంది.

అసలు ఎముక ఎందుకు అలా మోసం చేసింది? ఎముకని ఆర్‌సీసీ స్లాబుతో పోల్చొచ్చు. కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఊచల్లాంటిది, దాని చుట్టూ పేరుకునే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు సిమెంటు లాంటివి. ఫ్లోరైడ్ వెళ్ళి ఎముక కట్టే కణాల్ని రెచ్చగొడుతుంది. అవి గబగబా కొత్త ఎముక కట్టేస్తాయి గానీ ఒక వరస ఉండదు, ఊచలు ఎటుపడితే అటు. మేస్త్రీ లేకుండా కూలీల్ని మాత్రం పదింతలు చేసిన సైటులా. పైగా స్ఫటికంలోపలికి ఫ్లోరైడే దూరి దాని తీరు మార్చేస్తుంది. ఎక్స్-రే యంత్రానికి ఇవేవీ తెలీవు, ఎంత సరుకు ఉందో మాత్రమే చెబుతుంది. మన ఫీల్డువాళ్ళకి చెప్పాలంటే, టెస్ట్ కవరేజ్ 60 నుంచి 95కి పెరిగింది, ప్రొడక్షన్ లో బగ్గులు మూడింతలయ్యాయి. అలాంటి ప్రాజెక్టు చూడనివాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు :)

ఇక్కడ రిగ్స్ ని మెచ్చుకోవాలి. 1982లో ఈ మందు మంచిదని రాసిన మనిషే, ఎనిమిదేళ్ళ తర్వాత అది పనికిరాదని తేల్చిన అంకెలు తన పేరు మీదే అచ్చువేయించాడు. ఆ దెబ్బతో సాంద్రత చూపిస్తే చాలదు, విరుగుళ్ళు లెక్కపెట్టి చూపించాలన్న పట్టింపు గట్టిపడింది.

ఆ పరీక్షలో నెగ్గిన మందు ఇంకో దారిన వచ్చింది. హైదరాబాదులో బోరు నీళ్ళు వాడేవాళ్ళకి గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి సున్నపు పెచ్చు బాగా తెలుసు. అది పేరుకోకుండా నీళ్ళలో ఫాస్ఫేట్లు కలపడం పాత కిటుకు. స్విట్జర్లాండ్ కి చెందిన హెర్బర్ట్ ఫ్లైష్ 1960ల్లో మన ఒంట్లో కూడా అలాంటి పదార్థం, పైరోఫాస్ఫేట్, ఉందని గమనించాడు. దానికి ఒంట్లో కరిగిపోని చుట్టం కోసం వెతికితే బిస్ఫాస్ఫొనేట్లు దొరికాయి. ఈ పనిలో ఆయనకి తోడైంది సబ్బులూ టూత్‌పేస్టులూ చేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్. ఇవి కొత్త ఎముక కట్టవు. ఉన్న ఎముకని తవ్వే కణాల్ని ఆపుతాయి. 1996లో అలెండ్రొనేట్ పరీక్ష, 2027 మంది ఆడవాళ్ళ మీద. వెన్నుపూసల సాంద్రత మందు లేనివాళ్ళ కన్నా 6 శాతమే ఎక్కువ పెరిగింది. కానీ కొత్తగా వెన్నుపూస విరిగినవాళ్ళు 15 శాతం నుంచి 8 శాతానికి పడిపోయారు, తుంటి విరిగినవాళ్ళు సగమయ్యారు. 35 శాతం చెయ్యలేని పని 6 శాతం చేసింది. 1998లో మాంట్రియల్ డాక్టర్లు ఇదే జాతి మందుని పుట్టుకతో పెళుసు ఎముకలున్న 30 మంది పిల్లలకిచ్చి, ఏడాదికి విరిగేవాటి సంఖ్య తగ్గడం చూశారు.

మందు మంచిదే, ఇవాళ్టికీ మంచిదే. అయితే తవ్వే కణాల పని తవ్వడం మాత్రమే కాదు, రోజువారీ నడకలో పడే సూక్ష్మమైన పగుళ్ళని తీసేసి కొత్తదానికి చోటివ్వడం కూడా. వాటిని ఏళ్ళతరబడి ఆపేస్తే? 2005లో అమెరికాలో ఒడ్వీనా బృందం అలెండ్రొనేట్ వాడుతూ ఏ దెబ్బా లేకుండా ఎముకలు విరిగిన తొమ్మిది మంది గురించి రాసింది. తర్వాత ఇలాంటివి మరిన్ని బయటికొచ్చాయి. తొడ ఎముక మధ్యలో, సుద్దముక్క విరిచినట్టు అడ్డంగా. 2010లో అమెరికా ప్రభుత్వం ఈ మందుల మీద హెచ్చరిక వేయించింది. ఇవి చాలా అరుదు, మందు ఆపిన విరుగుళ్ళతో పోలిస్తే లెక్కలోకి రావు. అందుకే కొన్నేళ్ళు వాడాక డాక్టరు చూసి కొంతకాలం విరామం ఇవ్వడం అలవాటైంది.

అలా విరిగిన తొడకి పిండికట్టు పనికిరాదు. బాగుచేసుకునే కణాలు నిద్రపోతున్నాయి కాబట్టి అతుక్కోవడం ఆలస్యం. క్యూంచర్ రాడ్డు వారసుణ్ణే పైనుంచి కిందదాకా దింపుతారు. మందు ఆపేస్తారు. రెండో తొడని కూడా ఎక్స్-రే తీస్తారు, ఎందుకంటే చాలామందిలో అక్కడ కూడా అదే చోట సన్నటి పగులు మొదలై ఉంటుంది. విరగడానికి కొన్ని వారాల ముందునుంచో నెలల ముందునుంచో వీళ్ళలో చాలామంది తొడలో నొప్పిగా ఉందని చెబుతూనే ఉంటారు.